తేలాల్సిన తుపాకీ

"లిఫ్ట్ పనిచేస్తోందా?"

"రెండో అంతస్తు దాకా."

కోడ్ సరిపోయింది. తలుపు తెరుచుకుంది. లిఫ్ట్ నిజంగానే రెండో అంతస్తు దాకానే పనిచేస్తుంది. గూఢచారి డిపార్ట్‌మెంట్ ఉన్నది అయిదో అంతస్తులో. శత్రువు దాడికొచ్చినా ముందు కాసేపు గోడకానుకుని ఆయాసం తీర్చుకోవాల్సిందే.

ఏజెంట్ వారంటీ కూడా ఆయాసం తీర్చుకునే కూర్చున్నాడు. బయటివాళ్లకి అతను ఒక పత్రికలో మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, ఫ్యాన్లు పరీక్షించి రివ్యూలు రాసే మనిషి. ఆ వేషం వేసీ వేసీ ఒంటికి పట్టేసింది. దువ్వెన కొన్నా వారంటీ ఎంత అని అడుగుతాడు. ఆ పేరు అలా వచ్చింది.

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు.

"స్పియర్‌గన్. నీళ్లలో మునిగి చేపల్ని కొట్టే తుపాకీ. గుండు బదులు ఈటె వెళ్తుంది. విదేశీ కంపెనీ కొత్త మోడల్. కంపెనీ ఉత్తుత్తిది, వెనక ఉన్నది ముఠా. రేపు రేవులో డెమో. ముఖ్య అతిథి మన ఇంజనీరు."

శత్రువుల సబ్‌మెరైన్ ఎంత దూరాన ఉన్నా పట్టేసే యంత్రాన్ని కనిపెట్టింది ఆ ఇంజనీరే.

"దాని డిజైన్ మొత్తం ఆయన తలకాయలోనే ఉంది. కాగితం మీద పెట్టవయ్యా అంటే లీవు పెట్టి చేపల వేటకి పోతాడు. అంచేత ముఠాకి పని తేలికైపోయింది. ఆ తలకాయ లేకుండా చేస్తే చాలు. ఆ తుపాకీలో ఏదో ఉందని అనుమానం. రివ్యూ రాసేవాడిగా వెళ్లి, విప్పి చూడు."

"అలాగే సార్."

"ఇంకోటి." చీఫ్ రెండో ఫోటో తీశాడు. వారంటీ దాన్ని చూడక్కర్లేకపోయింది. "డెమో ఇచ్చేది మీ ఆవిడ."

"ఆవిడ మన మనిషే కదా సార్. ముఠాలో మనమే పెట్టాం."

"పెట్టాం. ఏడాదిగా ఆవిడ పంపే రిపోర్టులు వాతావరణ సూచనల్లా ఉంటున్నాయి. వాన పడొచ్చు, పడకపోవచ్చు. ఈ తుపాకీ సంగతైతే ఒక్క ముక్క రాయలేదు. తుపాకీ క్లీన్ అయితే ఆవిడా క్లీన్. లోపల ఏమైనా ఉంటే..."

"ఉండదు సార్."

"ఇంకా చూడందే?"

"చూస్తాను సార్."

ఏడాది క్రితం ఆమె ఒక సూట్‌కేసుతో మిషన్ మీద వెళ్లింది. పుట్టింటికెళ్లిందని వారంటీ చుట్టుపక్కల చెప్పాడు. పక్కింటావిడ మొదట్లో "ఏమైనా విశేషమా?" అని మురిసిపోయేది. తర్వాత "ఇంకా రాలేదా?" అనేది. ఈ మధ్య ఏమీ అనకుండా కూర పంపిస్తోంది. అదే ఎక్కువ బాధగా ఉంది. బాత్రూమ్ కప్పులో ఆమె టూత్‌బ్రష్ అలాగే ఉంది. అలాగే అంటే అదే బ్రష్ కాదు. మూడు నెలలకోసారి బ్రష్ మార్చాలని పత్రికలో రాసింది తనే. అందుకని ఎవరూ వాడని బ్రష్ పారేసి కొత్తది పెడుతుంటాడు.

మర్నాడు పొద్దున్న అతను పెట్టుడు మీసంతో రేవుకి చేరాడు. ఆమె నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ఒంటికి అతుక్కున్న డైవింగ్ సూట్‌లో నిలబడి ఉంది. పదిమంది మగాళ్లు తుపాకీని చూస్తున్నట్టు నటిస్తున్నారు.

"మీసం వంకరగా ఉంది," తుపాకీ చేతికిస్తూ గొణిగింది. ఏడాది తర్వాత మొదటి మాట.

"బావున్నావా?"

"మొత్తం పొడవు నూటపది సెంటీమీటర్లు," అందామె అందరికీ వినబడేలా.

"ఇంటికెప్పుడొస్తావ్?"

"రెండేళ్ల గ్యారంటీ. షరతులు వర్తిస్తాయి."

వారంటీ నీళ్లలోకి దిగి పరీక్ష మొదలుపెట్టాడు. ఇంత ఆశగా అతను ఏ వస్తువునీ పరీక్షించలేదు. పిడి అరచేతిలో చక్కగా ఒదిగింది. జారలేదు. మంచిదే. చివర మెత్తని ప్యాడ్ ఉంది. దాన్ని గుండెకి ఆనించి రబ్బర్లు లాగి ఈటెకి తగిలించాడు. గుండెకి నొప్పి తెలియలేదు, కనీసం ఆ ప్యాడ్ వల్ల. సేఫ్టీ ఒక్క వేలితో కదిలింది. ట్రిగ్గర్ నొక్కాడు. చప్పుడు లేదు. ఈటె సూటిగా వెళ్లి బెండు గురిలో దిగింది. తుపాకీ చెయ్యి వదిలాడు. ఈటె లేని తుపాకీ నీళ్లలో పైకి తేలాలి. లేకపోతే చేప కోసం వెళ్లినవాడు తుపాకీనే పోగొట్టుకుని వస్తాడు.

తేలింది. బాతులా.

ఒడ్డుకి తెచ్చి గొట్టం తట్టి విన్నాడు. మూతి ఊడదీసి లోపలికి పెన్ను కెమెరా పంపాడు. ఖాళీ. వాచీ దగ్గరికి నోరు పెట్టాడు.

"క్లీన్ సార్."

"ఏడుస్తున్నావా?"

"ఉప్పునీళ్లు సార్."

తర్వాత అందరూ మోటారు బోటు ఎక్కి లోతు నీళ్ల దాకా వెళ్లారు. బోటు నడిపేది డిపార్ట్‌మెంట్ మనిషే. అక్కడ ఆమె ఒక వెల్వెట్ పెట్టె తెరిచి ఇంజనీరుకి అందించింది. అదే మోడల్. పిడి మీద ఆయన పేరు చెక్కించి ఉంది.

"ఇది... ఫ్రీయేనా?" అన్నాడు ఇంజనీరు. మెదడులో సబ్‌మెరైన్లు తిరిగే మనిషి మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోయింది.

"మీకోసమే."

"ఎలా వాడాలో ఈ పుస్తకంలో ఉంది, కాస్త చదవండి సార్," అన్నాడు వారంటీ అలవాటుగా.

"అది కొనుక్కున్నవాళ్లకయ్యా!" అంటూ ఇంజనీరు దూకేశాడు. ఊరికే వచ్చింది ఎక్కడ వెనక్కి తీసుకుంటారోనని ఆయన తొందర.

వెనకే దూకడానికి వారంటీ కళ్లకి అద్దం తగిలించుకున్నాడు.

"ఏమండీ," అంది ఆమె.

అందరి ముందూ అలా అంది. అతని చెయ్యి పట్టుకుంది.

"మీరు దిగకండి. జలుబు చేసినట్టుంది. ఇలా నా పక్కన కూర్చోండి."

కూర్చున్నాడు. అతనికి జలుబు లేదు. తెప్పించుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఏడాదిగా ఖాళీ ఇంట్లో తను వినాలనుకున్న మాట అదే. సముద్రం బావుంది, ఎండ బావుంది, ఆమె చెయ్యి వెచ్చగా ఉంది.

తర్వాత, అతని ఖర్మకొద్దీ, ఆలోచన వచ్చింది. కాపురం చేసిన రోజుల్లో అతను జ్వరంతో మిషన్‌కి బయల్దేరినా ఆమె ఆపలేదు. "వచ్చేటప్పుడు పాలు పట్టుకురండి" అనేది. మరి ఇవాళ ఎందుకు ఆపుతోంది? నీళ్లలో ఉన్నవాళ్లకి ఏదో కాబోతోంది. తను పరీక్షించిన తుపాకీ బోటులోనే ఉంది. నీళ్లలో ఉన్నది వేరేది.

ఆమె మొహంలోకి చూశాడు. ఆమె సముద్రం వైపు చూస్తోంది. చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆ చెయ్యి విదిలించుకుని దూకాడు.

కింద ఇంజనీరు రబ్బర్లు లాగేసి, సేఫ్టీ తీసేసి, ఒక బద్ధకపు చేపకి గురిపెట్టి ఉన్నాడు. వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది. వారంటీ మీదపడి ట్రిగ్గర్ వెనక సందులో తన చిటికెన వేలు దూర్చాడు. తన తుపాకీ ఎవరో లాక్కుంటున్నారనుకున్న ఇంజనీరు బలమంతా పెట్టి నొక్కాడు. వేలు విరిగింది. ట్రిగ్గర్ కదల్లేదు.

ఇద్దరూ పెనుగులాడుకుంటూ పైకి తేలారు. "నాకిచ్చారయ్యా! నా పేరుంది దాని మీద!" అని ఇంజనీరు అరుస్తున్నాడు. వారంటీ రబ్బర్లు విప్పి, ఈటె ఊడదీసి, తుపాకీని నీళ్ల మీద పెట్టి చెయ్యి వదిలాడు.

తేలితే తను పిచ్చివాడు. ముఖ్య అతిథి మీద కలబడ్డందుకు ఉద్యోగం పోతుంది. ఆమెది ఉత్త ప్రేమ. సర్వీసులో మొదటిసారి తను పొరబడి ఉండాలని దేవుణ్ణి వేడుకున్నాడు. తేలవే తల్లీ, తేలు.

తుపాకీ ఇటుకలా మునిగిపోయింది. గొట్టం నిండా పేలుడు మందు కూరారని తర్వాత దాన్ని బయటికి తీసిన నేవీ డైవర్లు చెప్పారు.

బోటు ఎక్కేసరికి బోటు మనిషి ఆమె చేతులకి బేడీలు వేసేశాడు. ఆమె ఆ చేతులతోనే తువ్వాలు అందించింది.

"తల తుడుచుకోండి."

తుడుచుకున్నాడు. మీసం తువ్వాలుకి అంటుకుపోయింది.

"ఎప్పట్నించి?" అన్నాడు.

"ఏది? వాళ్లా, మీరా?"

"రెండూ."

"వాళ్లు ముందు. మీరు తర్వాత." బేడీల వైపు చూసుకుంది. "వరస మారుంటే బావుండేదండీ."

"నన్ను ఆపకపోతే దొరికేదానివి కాదు."

"తెలుసు."

బోటు ఒడ్డు చేరింది. జీపు ఎక్కబోతూ ఆమె అతని వేలు వైపు చూసి, "కట్టు కట్టించుకోండి," అంది. జీపు వెళ్లిపోయింది. ముఠాలో మిగిలినవాళ్లు సాయంత్రానికి దొరికారు. ఇంజనీరు పేరు చెక్కిన పిడి అయినా ఇప్పించమని డిపార్ట్‌మెంట్‌కి ఫోన్లు మొదలుపెట్టాడు.

వేలికి కట్టుతో వారంటీ అయిదు అంతస్తులూ ఎక్కాడు. చీఫ్ లేచి నిలబడి భుజం తట్టాడు. కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

"ఆ మొదటి తుపాకీ, ఏ గొడవా లేనిది," అన్నాడు గొంతు సవరించుకుని. "అది శాంపిలే కదా. కంపెనీ కూడా లేదాయె. మా బావమరిదికి చేపలంటే సరదా."

"తీసుకోండి సార్," అన్నాడు వారంటీ. "గురి చాలా బావుంది. ఇంట్లో మాత్రం పెట్టుకోకండి."