శృతి ముట్టుకోకండి

అసుర సంధ్య వేళ! పడమటి దిక్కున నెత్తురు రంగు కమ్మిన ఆకాశాన్ని కారుమేఘాలు మింగేస్తున్నాయి... ఉరుము ఉరిమినప్పుడల్లా ఆ సంగీతనగరంలో వాద్యాల వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా వణికింది. అద్దాల వెనక వేలాడుతున్న గిటార్ల తీగలు ఎవరూ మీటకుండానే జుమ్మన్నాయి. ఏ చూరులో దాక్కుందో, వెలుగు పూర్తిగా పోకముందే ఒక గుడ్లగూబ కూసింది. ఆ కూత విని దుకాణాలవాళ్ళు ఒక్కొక్కరే షట్టర్లు దించసాగారు.

ఇద్దరు మాత్రం ఇంకా ఆ వీధిలో తిరుగుతూనే ఉన్నారు. ముందు తమ్ముడు, వీపున గిటార్. వెనక అక్క, మెడ చుట్టూ శాలువా.

తమ్ముడు ఊరూరా తిరిగి కచేరీలు చేసే గిటారిస్టు. అలాంటివాడు సంగీతనగరానికి వచ్చి దుకాణాలు తిరగకుండా ఉంటాడా? తిండైనా మానేస్తాడు గాని అది మానడు. కానీ ఇతగాడి వరస వేరు. ఒక్క గిటార్‌నీ చేత్తో తాకలేదు. లోపలికి తొంగిచూసి, ‘వాయించండి, శృతి మాత్రం ముట్టుకోకండి’ అని రాసిన పలక ఎక్కడైనా ఉందా అని వెతకడం, లేకపోతే గిరుక్కున వెనక్కి తిరగడం! ఆ పలక సంగతి విని ఒక దుకాణదారుకి నవ్వాగలేదు. శృతి చేసి చూసుకోకుండా గిటార్ ఎవడు కొంటాడయ్యా, ఏ పిచ్చివాడి కొట్టు అది, అని అడిగాడు. తమ్ముడు మెట్లు దిగాడు.

అక్కకు అతడు చెప్పింది ఇంకోటి. ఈ ఊళ్ళో పేరున్న గొంతు డాక్టరు ఉన్నాడనీ, దారిలో గిటార్‌కి చిన్న మరమ్మతు చేయించుకుందామనీ చెప్పాడు. అక్క నమ్మింది. వాడి మాట ఆవిడ ఎప్పుడు నమ్మలేదు గనక! ఆ నమ్మకం అతడి వీపు మీద గిటార్ కన్నా బరువుగా ఉంది.

ఏడాది కిందట ఇదే ఊళ్ళో, ఇలాంటి మబ్బు పట్టిన సాయంత్రమే అతడు ఆ పలక ఉన్న కొట్టు మెట్లెక్కాడు. అప్పుడు అతడి చేతిలో ఉన్నది అక్క గిటార్. ఆవిడ తన కోసం కొనుక్కుని, తమ్ముడు ముచ్చటపడుతున్నాడని ఇచ్చేసింది. పాడుతూ పాడుతూ దాన్ని శృతి చేసేది కూడా ఆవిడే. పోయిన తల్లి జోలపాట ఏ స్థాయిలో పాడేదో ఆ స్థాయికే తీగలు వదులు చేసేది. అందరి గిటార్లకన్నా ఒక పిసరు కిందికి ఉండే ఆ శృతిని ఇంట్లో ‘అమ్మ శృతి’ అనేవాళ్ళు.

కొట్టులోని నల్లకోటు మనిషి దాన్ని ఒక్కసారి మీటి పెదవి విరిచాడు.

"కర్ర బాగుంది బాబూ, గొంతే లేదు. గొంతు మార్చి ఇస్తా, నేను పెట్టిన శృతి మాత్రం ముట్టుకోకు. ఇంతకీ ఇది ఎవరిది?"

గిటార్ పలికే నాదాన్ని గొంతు అనడం వాళ్ళ వృత్తిలో మామూలు. ‘ఇది’ అంటే గిటార్ అనుకున్నాడు తమ్ముడు.

"మా అక్కది. తీసుకో, ఇచ్చేశా" అన్నాడు నవ్వుతూ.

అదే క్షణాన ఇంట్లో బట్టలు మడతపెడుతూ పాడుకుంటున్న అక్క గొంతు, పాట మధ్యలో పుటుక్కున తెగింది!

మందులు పనిచెయ్యలేదు. ఆ పైన సాయంత్రాలు మొదలయ్యాయి... కళ్ళు తేలవేసి, గోడలు గీరుతూ, మూగబోయిన కంఠంలోంచి తీగలు తెగుతున్న చప్పుడు చేస్తూ ఆవిడ విలవిల్లాడేది. అటు వేదిక మీద తమ్ముడి గిటార్ మాత్రం జనాన్ని ఏడిపించేది. ఆ ఏడుపును అతడు మొదటి రోజే గుర్తుపట్టాడు. పై స్వరానికి వెళ్ళేముందు చిన్న గుటక వేసినట్టు ఆగడం అక్క అలవాటు. గిటారూ అలాగే ఆగింది. అయినా చప్పట్లు వినపడ్డాయి... మళ్ళీ వాయించాడు. కచేరీ ఉన్న సాయంత్రమే అక్కకు మూర్ఛ వస్తోందని బావ ఫోన్లో చెప్పినప్పుడు కూడా, ఒప్పుకున్న కచేరీలు అయిపోనీ అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. పోయిన కచేరీలో అక్క ఊపిరి ఆగి మళ్ళీ వచ్చింది. ఇంకొక్కసారి వాయిస్తే ఆవిడ మిగలదని అతడికి తెలిసిపోయింది.

ఫెళఫెళమని పిడుగు పడింది! వీధి దీపాలు ఆరిపోయాయి. అక్క కనుగుడ్లు తెల్లగా తిరగబడ్డాయి... జుట్టు విడివడింది... శాలువా జారిపోయింది. ఎవరో పట్టి లాగుతున్నట్టు ఆవిడ పక్క సందులోకి విసవిసా నడిచింది. రోజంతా అదే సందు ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్ళిన తమ్ముడికి, ఏడాది కిందట కొట్టు చూసిన ఆ చోట గోడ తప్ప మరేమీ కనపడలేదు. ఇప్పుడు ఆ గోడలో తలుపు! తలుపు మీద పలక!

లోపల జిగురు వాసన, కాలిన వెంట్రుకల వాసన. పైకప్పు దాకా గిటార్లు. పనిబల్ల మీద మసిబారిన కపాలం... నుదుటి నుంచి దవడ దాకా దానికి బిగించి ఉన్నవి తీగలు కావు, పేనిన ఆడవాళ్ళ వెంట్రుకలు! దాని కనుగుంటల్లో రెండు దీపాలు నీలంగా మండుతున్నాయి.

"సరుకు నచ్చలేదా నాయనా?" అన్నాడు నల్లకోటు. వచ్చింది ముసలావిడ గొంతు. "ఏడాది వాడుకుని వెనక్కి తెచ్చావేం?" ఈసారి వచ్చింది పసిపిల్ల గొంతు. మాట మాటకీ అతడి నోట ఒక్కొక్కరు పలుకుతున్నారు.

గిటార్ బల్ల మీద పెట్టి, అక్క గొంతు అక్కకిచ్చెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. నల్లకోటు మాంత్రికుడు తాపీగా విన్నాడు.

"ఇచ్చింది నువ్వు. తిరిగి అడగాల్సింది మాత్రం ఆవిడ. తన గొంతుతో అడగాలి. ఏదీ, అడగమను!"

నేల మీద కూలబడిన అక్క ఆ మాటకు తలెత్తింది. పూనకం వదిలింది. తమ్ముణ్ణి చూసింది, గిటార్‌ను చూసింది. ఆవిడకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

మాంత్రికుడు తమ్ముడి అరచేతిలో చల్లని కత్తెర పెట్టాడు. ఆవిడ జుట్టు ఒక్క పిడికెడు కోసి కపాలానికి చుడితే పని పూర్తవుతుందన్నాడు. ఈ మూర్ఛలూ బాధలూ ఉండవు. మనిషి నిద్రలోనే నిశ్శబ్దంగా పోతుంది. గొంతు గిటార్‌లో శాశ్వతంగా ఉంటుంది. ఇక భూమ్మీద అతడికి సాటివచ్చే గిటారిస్టు ఉండడు.

విసిరికొట్టాల్సిన కత్తెర! తమ్ముడి వేళ్ళు దాని రంధ్రాల్లో దూరాయి... ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, చీకటి సభలో లేచి నిలబడ్డ జనం అతడి కళ్ళ ముందు కదిలారు. చూపు అక్క జుట్టు మీదికి వెళ్ళింది. అక్క ఆ చూపును పట్టుకుంది.

ఆవిడ లేచింది. బల్ల మీది గిటార్ అందుకుని ఒళ్ళో పెట్టుకుని, తీగలు బిగించే బిరడాలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది.

"శృతి ముట్టుకోకు!"

కేక వేసింది నల్లకోటే, కానీ గొంతులో మొదటిసారి భయం! కపాలంలో దీపాలు భగ్గుమన్నాయి. పైకప్పు పెళపెళలాడింది. పిడికిలెత్తి మారణమంత్రం అందుకున్నాడు. అక్క తల ఎత్తలేదు. చిన్నప్పుడు నిద్ర రాని తమ్ముడికి జోల వినిపించేటప్పుడు ఎలా తిప్పేదో అలాగే తిప్పింది... ఒక పిసరు కిందికి... అమ్మ శృతికి. తీగ మీటింది.

గిటార్‌లోంచి ఆవిడ గొంతు అడిగింది.

"నాది నాకియ్యి."

ఒక్కో గిటార్‌నీ ఒక్కో శృతిలో ఉంచి, ఒకరి గొంతు ఇంకొకరికి వినపడకుండా ఇన్నాళ్ళూ కాపాడుకొచ్చాడు ఆ క్షుద్రుడు. గోడల మీది తీగలన్నీ ఇప్పుడు వాటంతటవే వదులయ్యాయి... అమ్మ శృతిలోకి జారాయి... వాడెవరి తల్లిని, ఎవరి బిడ్డను మూగచేశాడో వాళ్ళంతా ఒక్కసారిగా, ఒకే స్వరంలో అడిగారు. నాది నాకియ్యి! మంత్రం సగంలో ముసలావిడ గొంతు వాడి నోట్లోంచి వెళ్ళిపోయింది. పసిపిల్ల గొంతు వెళ్ళిపోయింది. ఒక్కో అక్షరమూ జారిపోతుంటే వాడు నోరు తెరిచి మూస్తూ గిలగిల్లాడాడు. తనదంటూ అరవడానికి వాడికి గొంతే లేదు! కపాలం ఫటేలుమని పగిలింది. నల్లకోటు ఖాళీగా నేల మీద పడింది.

దీపాలారాయి. బయట వాన పెద్ద పెద్ద చినుకులతో మొదలైంది. తెరిచిన తలుపులోంచి చల్లగాలి వచ్చింది.

అక్క గొంతు సవరించుకుంది. ఏడాది తర్వాత ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మాట చాలా మెల్లగా వచ్చింది.

"ఆ కత్తెర కింద పెట్టరా."

తమ్ముడు తన చెయ్యి చూసుకున్నాడు. వేళ్ళు ఇంకా ఆ రంధ్రాల్లోనే ఉన్నాయి.

కింద పెట్టాడు. అక్క వానలోకి నడిచింది. ముందు నడుస్తూ ఏదో కూనిరాగం తీసింది, పై స్వరం దగ్గర చిన్న గుటక వేసి ఆగింది. వెనక నడుస్తున్న అతడికి క్షమించమని అడగడానికి నోరు రాలేదు. గిటార్ అక్కడే వదిలేశాడు. కత్తెర పట్టిన చెయ్యి మాత్రం అతడితో పాటు ఇంటికి వచ్చింది.