మాబున్నీ చెప్పని ఆకు

తెల్లవారగానే మాబున్నీ రోట్లో ఆకు నూరి, గుడ్డలో పిండి, ఆ పసరును మజ్జిగలో కలిపింది. వారం రోజులుగా కొడుకు ఇమాంకు పరగడుపున ఇదే మందు. బెంగళూరులో స్కానింగు తీసి కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. పెనుకొండ చుట్టుపక్కల ఎవరికి కామెర్లు వచ్చినా మాబున్నీ గడపే తొక్కుతారు. అలాంటిది కన్నకొడుకును వదిలేస్తుందా?

"ఇమామూ, లెయ్యి నాయనా."

రాత్రంతా నీళ్లు, నీళ్లు అన్న మనిషి ఇప్పుడు పలకలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. కోడలు హసీనాబీ అతన్ని లేపబోతే దిండు కింద షుగరు మాత్రలు దొరికాయి. వారానివీ అట్లాగే ఉన్నాయి.

"ఈయన ఇవి మింగలేదేమత్తా?"

"నా పసరు తాగేటప్పుడు ఇంగో మందు ముట్టకూడదు. నేనే మానమన్యా. పత్యం అంటే పత్యమే."

"పత్యమంటే ఉప్పు మానేది అనుకొన్యా. షుగరు మాత్రలు మాన్పిస్తావా? మనిషిని సంపేదానికా?"

"నోరు అదుపులో పెట్టుకో. వాన్ని కన్నది నేను."

"కన్నది నువ్వే. పోతే దిక్కులేనిదాన్నయ్యేది నేను."

జీపు మాట్లాడుకుని హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. పసరు తాగిన సంగతి, మాత్రలు మానిన సంగతి హసీనాబీ చెప్పింది. డాక్టరు సెలైను పెట్టించి, బయటికొచ్చి అడిగాడు. "ఏం ఆకు తాగించారు?"

మాబున్నీ నోరు విప్పలేదు. పేరు బయటపెడితే ఆకు గుణం పోతుందని తల్లి చెప్పింది. ప్రాణం పోయేముందు తల్లి చెవిలో చెప్పిన ఆఖరి మాట ఆ పేరే. నలభై ఏళ్లుగా మాబున్నీ దాన్ని ఎవరికీ చెప్పలేదు.

"చెప్పత్తా," హసీనాబీ అందరి ముందే విరుచుకుపడింది. "ఆయన ఆడ కండ్లు తెరవకుండా పండుకోనుండాడు. ఆ పేరు మూటగట్టుకొని నువ్వు యాడికి పోతావు?"

మాబున్నీకి ఒళ్లు మండింది. తిట్టబోయి తలుపు సందులోంచి లోపలికి చూసింది. పరుపులు కుట్టి కుట్టి కాయలు కాసిన కొడుకు చెయ్యి మంచం మీంచి వేలాడుతోంది.

"నేలుసిరి," అంది.

డాక్టరు తల ఊపాడు. "మా పెరట్లోనూ మొలుస్తుందమ్మా. కాలేయానికి మంచిదని పెద్దలంటారు. పరీక్షలు చేసి చూస్తున్నవాళ్లూ ఉన్నారు. కొవ్వును కరిగిస్తుందో లేదో నాకైతే తెలీదు. కానీ ఇతన్ని పడగొట్టింది షుగరు. గండం తప్పినట్టే. మాత్రలు మానమన్నదెవరు?"

పొద్దుటి నుంచీ నిప్పులు కక్కిన హసీనాబీ తల దించుకుంది. "ఆయనే మర్సిపోయినాడు సార్."

మాబున్నీ కోడలి వైపు చూసింది.

"కాదు సామీ. మాన్పిచ్చింది నేనే."

డాక్టరు లోపలికి పోయాడు. మాబున్నీ గోడకు చేరగిలబడింది. నలభై ఏళ్లు దాచింది అందరి పెరట్లోనూ మొలిచేదే. దాని కోసం బిడ్డను పోగొట్టుకోబోయింది. తల్లి పోయిన రోజు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

హసీనాబీ ఆమె రెక్క పట్టి బల్ల మీద కూర్చోబెట్టింది. "పొద్దున్నించి గుక్కెడు నీళ్లు తాగలేదు నువ్వు. ఈడ కూసో, టీ తెస్తా."

ఆ గొంతులో కోపం ఇంకా తగ్గలేదు. చెయ్యి మాత్రం అత్త భుజం మీదే ఉంది.