తిథి తప్పిన తద్దినం

"అన్నా, ఇదే నీ ఆఖరి డ్యూటీ," అన్నాడు కర్నల్ ట్రిన్.

కిందటి మూడుసార్లూ ఆ మాటే అన్నాడు. ఖియెమ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సైగాన్ సీక్రెట్ సర్వీసులోనే అతని జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి.

బ్రీఫింగ్ మొదలైంది. తెల్లవారితే ఏప్రిల్ ముప్పై. యుద్ధం ఆగి వియత్నాం ఉత్తరం, దక్షిణం ఒక్కటై ఇరవై ఏళ్ళు నిండే పండగ. పెద్ద వీధిలో పరేడ్. స్టేజి ముందు వరసలో కొడుకుల్ని యుద్ధానికిచ్చి పోగొట్టుకున్న ముసలి తల్లులు కూర్చుంటారు. ఆ స్టేజిని పేల్చేయాలని 'నీలి కొంగ' అనే విదేశీ ముఠా ప్లాను.

"బాంబు పొద్దున పడవలో వస్తుందని డియెప్ కబురు పెట్టింది. మనవాళ్ళంతా రేవులో ఉంటారు. నువ్వు ఆమె ఫ్లాట్‌లో కూర్చో. ముఠా ఫోన్ చేస్తే విను. వాళ్ళ కోడ్ వర్డ్, 'ఐస్ వచ్చిందా?'"

డియెప్ క్లబ్బులో పాడుతుంది. ఆమె నవ్వితే ఊళ్ళో సగంమందికి నిద్ర ఉండదు. రెండేళ్ళుగా మన తరఫున ముఠాలో ఏజెంటుగా ఉంది. ఫ్లాట్ సరిగ్గా స్టేజికి ఎదురుగా.

"మొన్న మా అన్న తద్దినానికి సెలవడిగాను," అన్నాడు ఖియెమ్.

"కొంగ పని పడింది కదన్నా!"

"మా వదినకు కొంగ సంగతి తెలియదు. అగరొత్తి వెలిగించడానికి కూడా రాని మరిది ఉంటే ఎంత, పోతే ఎంత అని కబురంపింది."

ట్రిన్ నవ్వాడు. ఖియెమ్ నవ్వలేదు. అన్న పోయింది యుద్ధం ఆగిన రోజునే, ఓడిన దక్షిణం సైన్యం యూనిఫాంలో. అలాంటివాడికి తద్దినం పెట్టాలని గట్టిగా సెలవడగడం కూడా కష్టమే.

పొద్దున్నే ఐస్ మోసేవాడి వేషంలో, టోపీ లోపల వైర్‌లెస్ పెట్టుకుని, ఖియెమ్ మెట్లెక్కాడు.

"అయ్యో బాబాయ్, నిజంగానే మోసుకొచ్చావా!" అంటూ డియెప్ తలుపు తీసింది.

"వేషం వేశాక మోయాలిగా అమ్మాయ్. నీకు పాటలు, నాకు ఐసు."

గదిలో పూజ బల్ల మీద ఓ కుర్ర సైనికుడి ఫోటో. ముందు ఇసుక గిన్నెలో మూడు అగరొత్తులు. కొబ్బరినీళ్ళలో వండిన పంది మాంసం, గుడ్లు, కాకరకాయ సూపు.

"మా అన్న," అంది డియెప్. "ఇరవై ఏళ్ళ కింద ఇదే రోజున పోయాడు. ఇవాళ తద్దినం. తిని వెళ్ళు బాబాయ్. నేను కిందికెళ్ళి అరటిపళ్ళు తెస్తాను."

ఆమె కళ్ళు నిజంగానే తడిశాయి. ఖియెమ్ గ్లాసులోకి ఐసు పగలగొడుతూ ఆగిపోయాడు. వీడూ మా అన్నలాగే ఆ రోజునే పోయాడన్నమాట. అయితే తిథీ అదే కావాలి. వదిన తిట్లు వచ్చి వారం దాటింది.

"మీది మీథో ఊరే కదూ?"

"అక్కడే పుట్టి పెరిగాను."

"మరి ఇవాళ పెడుతున్నావేం? ఆ రోజు తిథి మూడో నెల బహుళ చవితి, అది ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇవాళ పాడ్యమి."

"ఏ చవితి?" అంది డియెప్.

మీథోలో తాగుబోతు కూడా అలా అడగడు.

మరుక్షణం ఆమె చేతిలో పిస్టల్ ఉంది. చూపు మాత్రం ఖియెమ్ మీద లేదు. మధ్య అగరొత్తి మీద ఉంది. అది మిగతా వాటికంటే లావు. నిప్పు ఇసుక దాకా దిగింది. స్టేజికి ఎదురుగా ఉందని నిన్న పోలీసులు ఫ్లాటంతా వెతికారు. పోయినవాళ్ళ ఇసుక గిన్నెలో మాత్రం ఎవడు చెయ్యి పెడతాడు? కిటికీ కింద డప్పులు మోగుతున్నాయి. తల్లులు వచ్చి కూర్చుంటున్నారు.

"ఏమనుకోకు తమ్ముడూ," అని ఫోటోకి చెప్పి, చేతిలోని ఐసు గడ్డను ఖియెమ్ ఆ గిన్నెలోకి విసిరాడు.

చుయ్యిమంది. పిస్టల్ పేలింది. టోపీ ఎగిరిపోయింది, దానితోపాటు వైర్‌లెస్సూ. ఖియెమ్ ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. ఆమె ఎక్కువసేపు పెనుగులాడలేదు.

"ఎక్కడ పెరిగావ్?"

"చిన్నప్పుడు విమానం ఎక్కించి పరదేశం పంపారు. ఎవరో పెంచారు. వాళ్ళకు తిథులు లేవు."

"ఈ ఫోటో?"

"మా అన్నే బాబాయ్. అదొక్కటే అబద్ధం కాదు."

రేవు నుంచి ట్రిన్ రొప్పుకుంటూ వచ్చేసరికి పరేడ్ సగం అయింది. స్టేజి పక్కన లౌడ్‌స్పీకర్ పెట్టె విప్పితే బాంబు దొరికింది. అగరొత్తి నిప్పు తగలగానే దాన్ని పేల్చేలా ఇసుకలో దాచిన రేడియో స్విచ్చు తడిసి చచ్చింది.

"పతకం ఇప్పిస్తానన్నా!"

"వచ్చే ఏడు చవితికి సెలవిప్పించు."

"అది ఏటా మారే తేదీ. డ్యూటీ చార్టులో ఎలా వేయను?"

"పోయేటప్పుడు వాళ్ళు చార్టు చూసుకోలేదు. ఈ ఫోటో నేను తీసుకెళ్తున్నా."

"అది సాక్ష్యం అన్నా!"

"తిథి తెలిసిన ఇంట్లో ఉండాలి."

ఫోటో చొక్కాలో దోపుకుని, ఐసు కరుగుతున్న గోనెసంచి భుజాన వేసుకుని ఖియెమ్ మెట్లు దిగాడు. మిగిలిన ఐసు వదిన ఇంటిదాకా ఆగితే, ఆమె కోపం సగమైనా చల్లారుతుందేమో.