పొట్టి రివాల్వర్ బ్యాచ్

"ఇదేంటి సర్?"

"మీ మారువేషం," అన్నాడు దామోదర్.

టేబుల్ మీద ఉన్నది పొట్టి గొట్టం రివాల్వర్. ఐదు తూటాలు పడతాయి. కొత్తదే, కానీ అంచుల దగ్గర నల్లరంగు అప్పుడే లేచిపోతోంది. అమెరికా కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో జుట్టు నెరిసిన విమలకుమారి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఖాళీగా ఉందని చూసుకుని, ట్రిగ్గర్ నొక్కి మొహం చిట్లించింది. నొక్కింది వేలితోనే అయినా నొప్పి మోచేతిదాకా పాకింది.

"ఇది పేలుతుందా?"

"పేలుతుంది. ఎటు పేలుతుందన్నది మాత్రం కంపెనీ గ్యారంటీ ఇవ్వలేదు."

దామోదర్ బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. డేటా సెంటర్లు కిక్కిరిసిన ఆష్‌బర్న్ ఊళ్లో ఒక విదేశీ ముఠా దిగింది. ఆదివారం మెయింటెనెన్స్ జరిగేటప్పుడు, ఒక డేటా సెంటర్‌లో లోపలి మనిషి సర్వర్‌కి వైరస్ ఉన్న ఒక పెన్‌డ్రైవ్ తగిలిస్తాడు. తగిలిస్తే ఎన్నో ఆసుపత్రుల సిస్టమ్స్ ముఠా చేతుల్లోకి పోతాయి. వెంటిలేటర్ల మీద ఉన్న ప్రాణాలకు వాళ్లు చెప్పిందే రేటు. లోపలి మనిషి ఎవరో తెలియదు. రివాల్వర్ బ్యాచ్‌లో ఒకడని మాత్రం తెలిసింది.

తెలుగువాళ్ల ఇళ్లలో బంగారం దొంగతనాలు ఎక్కువయ్యాక పుట్టిన గుంపు అది. చవకలో వచ్చే పొట్టి రివాల్వర్లు కొనుక్కుని శనివారాలు షూటింగ్ రేంజ్‌లో కలుస్తారు. నేర్పేది శ్రీవిద్య అనే సెల్ఫ్ డిఫెన్స్ ట్రైనర్.

"మనకి సమాచారం అందించే సోర్సే. మీరు రిక్రూట్ చేసిన మనిషే," అన్నాడు దామోదర్. "మైక్ హియరింగ్ ఎయిడ్‌లో ఉంటుంది."

"నాకు చెవులు బాగానే పనిచేస్తాయి సర్."

"పనిచెయ్యనట్టు ఉండండి. ఎదుటివాళ్లు అన్నీ గట్టిగా చెబుతారు. కోడ్ వర్డ్, 'పులావ్‌లో ఉప్పు తగ్గింది'. అది వినగానే టీమ్ దిగుతుంది."

శనివారం విమల చర్చి ఆంటీలా కాటన్ చీర మీద స్వెటర్ వేసుకుని రేంజ్‌కి వెళ్లింది. ఎర్ర జాకెట్‌లో మెరిసిపోతున్న శ్రీవిద్య ఎదురొచ్చి, "రండి విమలక్కా," అని కావలించుకుంది. ఆమె నడుముకి ఖరీదైన పిస్టల్ వేలాడుతోంది.

బెంచీల మీద అందరూ తమ గన్‌లని తిట్టుకుంటున్నారు. కొత్త అల్లుడి మీద చాడీలు చెప్పుకున్నంత ముచ్చటగా ఉంది ఆ వరస.

"ఒక్క రౌండ్ కాలిస్తే రెండ్రోజులు చపాతీ కర్ర పట్టుకోలేను," అంది సుబ్బులు ఆంటీ.

"మాదానికి స్క్రూ ఊడిందండీ. వాక్యూమ్ క్లీనర్‌లో దొరికింది," అన్నాడు రాఘవులు. "గురి సంగతి అడక్కండి. నేను నా టార్గెట్‌కి పెడితే పక్క లేన్ వాళ్ల టార్గెట్‌కి చిల్లు పడింది. వాళ్లు థాంక్స్ చెప్పారు."

చివర్న ఒక కుర్రాడు మాట్లాడకుండా కూర్చున్నాడు. పేరు తేజేశ్వర్, డేటా సెంటర్‌లో ఇంజనీర్. విమల వెళ్లి పక్కన కూర్చుంది.

"నీది ఎలా ఉంది బాబూ?"

"బాగుంది ఆంటీ."

"ట్రిగ్గర్ గట్టిగా లేదూ?"

"లేదాంటీ. అంతా బాగుంది."

విమలకి అక్కడే అనుమానం వచ్చింది. ఆ గన్ కొన్న ఏ మనిషీ అది బాగుందని అనడు. అన్నాడంటే దాని గురించి మాట్లాడ్డమే ఇష్టం లేదన్నమాట. రాత్రికి వివరాలు తెప్పించుకుని చూస్తే, అతను హెచ్‌వన్‌బీ మీద ఉన్నాడు. ఆ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర మామూలుగా గన్ ఉండకూడదు.

ఆదివారం డేటా సెంటర్ పార్కింగ్‌లో తేజేశ్వర్ కారులో కూర్చుని స్టీరింగ్ వంక చూస్తున్నాడు. విమల పక్క డోర్ తీసుకుని లోపలికెక్కి బ్యాడ్జ్ చూపించింది. అతను అదిరిపడలేదు. పట్టుబడినందుకు ప్రాణం కుదుటపడినట్టు ఊపిరి వదిలాడు.

"మా ఇంట్ల దొంగలు పడ్డరాంటీ. నా భార్య నిధి బంగారం మొత్తం పోయింది. గన్ ఉంటే ధైర్యమని శ్రీవిద్య మేడమే కొనిచ్చింది. వీసాతోని ఇబ్బంది లేదంది. నెల తర్వాత నా చేతుల గన్ ఉన్న ఫోటోలు చూపెట్టింది. డ్రైవ్ పెట్టకపోతే ఫెడరల్ కేసంట. నన్నూ, నిధినీ, మా బిడ్డ కృతినీ విమానం ఎక్కించి ఇండియాకి పంపిస్తరంట."

విమలకి ఒళ్లు మండిపోయింది. శ్రీవిద్యని వెతికి తెచ్చిందీ, ఈమెని నమ్మొచ్చని పైవాళ్లకి చెప్పిందీ తనే. తన సోర్స్ రెండువైపులా జీతం తీసుకుంటూ, తన వాళ్ల భయాన్నే సరుకు చేసుకుని అమ్ముకుంటోంది.

"నేను చెయ్యనంటే నన్ను కాపాడ్తరా ఆంటీ?"

అవునని ఒక్క మాట అంటే పని అయిపోయేది. విమల నోటిదాకా వచ్చిన ఆ మాటని మింగేసింది.

"మాట ఇవ్వలేను బాబూ. గన్ ఉంచుకోవడం తప్పే. జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ తరఫున నిలబడతాను. అంతవరకే నా చేతిలో ఉంది."

అప్పుడే శ్రీవిద్య కారు పార్కింగ్‌లోకి మలుపు తిరిగింది. విమల సీట్లో కిందికి జారింది.

శ్రీవిద్య కారు దిగి వస్తుంటే అతను లంచ్ బ్యాగ్ తీసుకుని దిగాడు. దాన్ని బానెట్ మీద పెట్టి, జేబులోంచి డ్రైవ్ తీసి నేలమీద వేసి బూటు మడమతో నలిపేశాడు.

"అది ఎవిడెన్స్ రా నాయనా," అని గొణుక్కుంది విమల.

"నేనైతే చెయ్య, మేడమ్," అన్నాడు తేజేశ్వర్. "మీ గన్ బ్యాగ్‌ల ఉంది, తీస్కోండి. ఫోటోలు ఎవరికి పంపుకుంటరో పంపుకోండి. నా బిడ్డ ఏ దేశంల చదివినా ఫర్వాలేదు. వాళ్ల నాయిన ఇట్లాంటి పని చేసిండని మాత్రం తెల్వొద్దు."

శ్రీవిద్య నవ్వింది. "ఇంకో డ్రైవ్ ఉంది తేజా. ఇంకో ఇంజనీర్ కూడా ఉన్నాడు. అతను లోపలికెళ్లడానికి నీ ఎంట్రీ బ్యాడ్జ్ ఉంటే చాలు. నువ్వు నీ గన్‌తో నువ్వే కాల్చుకున్నావని అందరూ జాలిపడతారు." బ్యాగ్‌లోంచి రివాల్వర్ తీసి అతని గుండెకి గురిపెట్టింది.

"పులావ్‌లో ఉప్పు తగ్గింది," అని చెవిలోని మైక్‌కి వినబడేలా అరుస్తూ విమల కారులోంచి దూకింది.

రివాల్వర్ పేలింది. ఆ బండ ట్రిగ్గర్‌ని లాగే ఊపుకి గొట్టం పక్కకి ఒరిగి, సైడ్ మిర్రర్ ముక్కలైంది. శ్రీవిద్య వెంటనే మళ్లీ నొక్కింది. ట్రిగ్గర్ కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. బిగుసుకుపోయింది.

ఆ రకానికి ఒక జబ్బుంది. వేలు పూర్తిగా ముందుకి వదిలితే తప్ప రెండోసారి నొక్కనివ్వదు. బ్యాచ్‌లో ప్రతివాళ్లూ మొదటి వారమే దాన్ని తిట్టుకున్నారు. అందరికీ చవక గన్‌లు అంటగట్టిన టీచరమ్మ మాత్రం వాటితో ఒక్కసారీ కాల్చలేదు. ఆమె వేలికి పిస్టల్ సుకుమారమే అలవాటు.

తేజేశ్వర్‌కి తెలుసు. ఒక్క అడుగు ముందుకేసి తూటాల చక్రాన్ని పిడికిలితో బిగించి పట్టుకున్నాడు. ఈలోగా విమల శ్రీవిద్య చెయ్యి వెనక్కి విరిచి బానెట్ మీదికి అదిమింది.

"అక్కా, మనిద్దరం మాట్లాడుకుందాం."

"మాట్లాడుకుందాం. లాయర్‌ని కూడా పిలుచుకో."

టీమ్ వ్యాన్ అప్పటికి వచ్చింది. రెండో ఇంజనీర్‌ని లోపలికి అడుగుపెట్టకముందే గేటు దగ్గర పట్టుకున్నారు.

సాయంత్రం విమల రాసిన రిపోర్టుని దామోదర్ చదివి పక్కన పెట్టాడు.

"తేజేశ్వర్ గన్ ఉంచుకున్నాడు, కానీ తానే వదులుకుని ముఠాకి ఎదురుతిరిగాడు, సాక్షి, కేసు వద్దు అని రాశారు. ఇలా వదిలేస్తే ఎలా? ముఠా మిగతావాళ్లకి ఇంకా ఏమీ తెలీదు. వీణ్ణి తిరిగి వాళ్ల మధ్యకి పంపుదాం. ఫోటోలు ఇప్పుడు మన దగ్గరున్నాయి. పెళ్లాం బిడ్డల్ని తలుచుకుని చెప్పింది చేస్తాడు."

"చెయ్యడు సర్. నేను చేయించనూ."

"ఇది ఆర్డర్ అయితే?"

"రాసి ఇవ్వండి. సరిగ్గా ఇదే పని చేసినందుకు పొద్దున ఒకావిడకి బేడీలు వేశాం. ఇంకో జత కూడా మిగిలే ఉంది."

దామోదర్ తన మణికట్ల వంక ఒకసారి చూసుకుని, రిపోర్ట్ ముందుకి లాక్కుని సంతకం పెట్టాడు.