పదకొండు గంటలకు తెగే డ్యామ్

నీళ్లలో విషం కలుపుతున్నాడంటూ వచ్చిన నలభై సెకన్ల వీడియో చూసి, మంగళవారం పొద్దున జనం వాటర్ వర్క్స్ ఇంజనీరును నడిరోడ్డు మీద కొట్టి చంపారు. ఆయన కలిపింది క్లోరిన్.

గురువారం పొద్దున పదింటికి నిఘా విభాగం చీఫ్ ఫైలు తెరిచేసరికి ఏజెంట్ డేగ పళ్లు నూరుతున్నాడు.

"వీడియో విదేశీ ముఠాది," అన్నాడు చీఫ్. " ఇవాళ పదకొండు గంటల బులెటిన్‌లో రెండోది వదులుతారు. డ్యామ్ తెగిందని. ఊరు ఊరంతా ఒక్క వంతెన మీద పడుతుంది."

"తొక్కిసలాట."

"వందల్లో పోతారు. ఛానెల్లో న్యూస్ రీడర్ మన ఇన్ఫార్మర్. కోడ్, 'ఫిల్టర్ మార్చాలి'. బయల్దేరు."

పది నలభైకి డేగ ఏసీ మెకానిక్ వేషంలో స్టూడియో మేకప్ గదిలో ఉన్నాడు. చేతిలోని మల్టీమీటర్ నిజానికి ట్రాన్స్‌మిటర్.

"ఫిల్టర్ మార్చాలి మేడమ్."

న్యూస్ రీడర్ అద్దంలోంచే నవ్వింది. ఆ నవ్వు కోసమే ఊళ్లో సగం మంది వార్తలు చూస్తారు.

"ఆలస్యమైంది. డ్యామ్ నిజంగానే తెగింది. మూడు సైట్లు కన్ఫర్మ్ చేశాయి. వెళ్లి మీవాళ్లను కాపాడుకోండి."

డేగ ఫోన్‌లో మూడూ చదివాడు. మూడింట్లోనూ ఒకే వాక్యం, ఒకే అక్షరదోషం. పుట్టి వారం కూడా కాని సైట్లు. కళ్లారా చూసినవాడి పేరు ఎక్కడా లేదు. వాటిలోని వీడియోలో ఒక ఫ్రేమ్ ఆపి నెట్‌లో వెతికితే, అదే వరద తొమ్మిదేళ్ల కిందట మరో దేశంలో దొరికింది.

"మూడు కాదు, ఒకటే. మూడు చొక్కాలు తొడిగారు. కుట్టింది నువ్వేనా?"

"నమ్మాలనుకున్నవాళ్లు నమ్ముతారు. నేను చదువుతాను, అంతే."

"అంతేనా?" డేగ ఒక అడుగు ముందుకేశాడు. "ఇంజనీరు శవాన్ని భార్యకు అప్పగించింది నేను. కొట్టినవాళ్లలో రోజూ పలకరించే పక్కింటాయన కూడా ఉన్నాడని చెప్పిందామె. దానికేం చదువుతావు?"

ఆమె మేకప్ డబ్బాలోంచి పిస్టల్ తీసింది. డేగ స్పానర్ మణికట్టుకు తగిలి, పిస్టల్ సోఫా కిందికి జారిపోయింది.

కానీ వీడియో అప్పటికే కంట్రోల్ రూమ్‌లో సిద్ధంగా ఉంది. ఆ తలుపుకు లోపల గడియ. పదకొండుకు ఇంకా ఇరవై సెకన్లు.

డేగ డ్యామ్‌కు ఫోన్ కలిపి, ఫోన్‌ను మల్టీమీటర్‌కు తగిలించి, దాని వైరును న్యూస్ రీడర్ లైవ్ మైకుకు గుచ్చాడు. తెర మీద వరద విరుచుకుపడిన క్షణానే ఊరంతటికీ గేట్ ఆపరేటర్ గొంతు వినిపించింది.

"తెగడమేంటండీ? నేను దాని మీదే నుంచున్నా. నీళ్లు మోకాలి లోతు లేవు. గేట్లకి గ్రీజు రాస్తున్నా. ఎవడన్నాడా మాట?"

వంతెన మీదికి ఒక్కడూ పరుగెత్తలేదు.

బేడీలు వేసి జీపెక్కిస్తుంటే న్యూస్ రీడర్ అంది, "నేను మీ మనిషినే. మీ చీఫ్‌ని అడగండి."

"అడిగాను," అన్నాడు డేగ, తలుపు వేస్తూ. "ఆయనంటే పడని ఇంకో ఇద్దరినీ అడిగాను. ముగ్గురూ బేడీలు వెయ్యమన్నారు."