పుట్టింటి పంచదార

"మావయ్యా, మనకి ఆరు యూనిట్లు!" అని వంటింట్లోంచి అరిచింది సీతాలు.

"ఆరిడ్లీలే? నాకు నాలుగు సాలు. సట్నీ దండిగా ఎయ్యి," అన్నాడు తవిటయ్య, వరండాలో కాళ్లు బారజాపుకుని.

పోర్టులో పాతికేళ్లుగా సరుకులెత్తే వించీల హోరు వింటున్న చెవులవి. పెద్ద మాటైతే చిన్నగా వినిపిస్తుంది, చిన్న మాటైతే టిఫినులా వినిపిస్తుంది. నిజానికి ఆ ఇంట్లో ఆ పూట ఇడ్లీ పిండి లేదు సరికదా, ఇడ్లీ పాత్రే లేదు.

"ఇడ్లీలు కాదు మావయ్యా, యూనిట్లు! రేషన్ కార్డులో మనిషికో యూనిట్టు!"

ఈసారి మాట సరిగ్గానే వినబడింది. అంతవరకూ ఇడ్లీలా ఉబ్బి ఉన్న తవిటయ్య మొహం అట్టులా పల్చబడిపోయింది. అది చూసింది కానీ పట్టించుకోలేదు ఆయన భార్య నారాయణమ్మ. ఆయన టీలో పంచదార పడకుండా కాపలా కాయడమే ఆవిడకి పెద్ద పని. రెండేళ్ల కిందట పోర్టాసుపత్రి డాక్టరు ఆయనకి తీపి మానిపించాడు. డాక్టరు దానికి మధుమేహం అని పేరు పెట్టాడు కానీ, నారాయణమ్మకి తెలిసినంతవరకూ అది మధుమోహం.

"ఏటే, పొద్దున్నే కార్డు గోల?" అంది కోడలితో.

"పక్కింటి అసిరమ్మత్త ఇంట్లోనూ ఆరుగురే. నెలకి మూడు కేజీల పంచదార తెచ్చుకుంటంది. మరుదులిద్దరితో కలిపి మనమూ ఆరుగురం. మన మూడు కేజీలు ఏవైపోతన్నాయత్తా?"

నారాయణమ్మకి నవ్వొచ్చింది. సీతాలు ఎలమంచిలి నుంచి కాపరానికొచ్చి నాలుగు నెలలే అయింది. మొగుడు అర్జునరావు ఉక్కు ఫ్యాక్టరీ పునాదుల దగ్గర మేస్త్రీగా డ్యూటీకి పోతే, ఈ పిల్ల ఇంటి పునాదులు తవ్వుతోంది.

"డీలరెవడనుకున్నావు? నా తోడబుట్టిన తమ్ముడు వీర్రాజు. ఆడి కొట్టు ముందు నాను సంచీ పట్టుకుని నిలబడితే ఆడికి నామోషీ కాదేటి? అందుకే కార్డు ఆడి దగ్గరే ఉంచేసాను. సరుకొస్తే పంపుతానన్నాడు. అది వచ్చినా రాకపోయినా, నెలనెలా రెండు కేజీలు ఆడి సొంతంగా తెచ్చిస్తన్నాడు. సూళ్లేదూ?"

ఎందుకు చూడలేదూ, వీధంతా చూస్తుంది. మొదటి వారంలో వీర్రాజు సైకిలు బెల్లు వీధి ఆ మొగ నుంచి ఈ మొగ దాకా కొట్టుకుంటూ వచ్చి, కాగితంలో చుట్టి పురికొసతో కట్టిన పొట్లం చేతిలో పెట్టి, "అప్పా! పుట్టింటి పంచదారే!" అని అసిరమ్మకి కూడా వినబడేలా చెబుతాడు. పైసా పుచ్చుకోడు. ఆ పొట్లం అందుకున్న రోజున నారాయణమ్మ నడకే వేరు. అమ్మానాన్నా పోయాక ఆవిడకి పుట్టిల్లంటే ఆ రెండు కేజీలే.

"ఆ రెండు కేజీలూ మన కార్డు మీదవే అయితే?" అంది సీతాలు.

నారాయణమ్మ చేతిలో గరిట ఆగిపోయింది.

"నా తమ్ముణ్ణి దొంగంటన్నావా?"

"నానెవర్నీ ఏటీ అన్లేదత్తా. మా ఇంట్లో కార్డు గోడకి మేకు మీద ఉండేది. దాని ఎనకాల షరతులన్నీ అచ్చేసుంటాయి. కార్డు మన దగ్గరే ఉండాల. డీలరు అట్టే పెట్టుకోకూడదు. కొట్టు ముందు బోర్డు మీద సరుకెంతో ధరెంతో రాయాల. అడిగితే కంప్లైంటు పుస్తకం ఇవ్వాల. దానికి సుట్టరికం అడ్డం రాదు."

"ఒగ్గేయండే బాబూ!" అని వరండాలోంచి అరిచాడు తవిటయ్య. "పిడికెడు పంచదార కోసం బామ్మర్దితో తగువేటి? మనకసలు తీపి పడదు."

"పడనిది మీకు. మాకు కాదు," అంది నారాయణమ్మ, చెంగు దోపుకుంటూ. "పదవే. నా తమ్ముడి కొట్లోనే తేల్సుకుందాం. కార్డు తెరిసి సూసి, నువ్వే ఆడి ముందు చెంపలేసుకోవాల."

అత్తా కోడలూ ముందు, "బేగి ఎనక్కొచ్చీండే" అనుకుంటూ తవిటయ్య వెనక. పాతికేళ్లలో ఆయన డ్యూటీకి కూడా అంత బేగి నడవలేదు.

చౌక దుకాణం ముందు పాతికమంది ఆడవాళ్లు వరసలో ఉన్నారు. గోడకి బోర్డు ఉంది కానీ దాని మీద అక్షరం లేదు. బల్లి ఒకటి ఉంది. వీర్రాజు తక్కెడ వెనక కూర్చుని, అక్కని చూసి లేచి నిలబడ్డాడు.

"అప్పా! నువ్వొచ్చీసినావేటి? కబురెడితే నానే రానా?"

"వరసలో రమ్మనండమ్మా!" అంది క్యూలోంచి అసిరమ్మ.

"నాకు వరసుంది, నాను అప్పని!" అని కసిరింది నారాయణమ్మ. "తమ్ముడూ, కోడలు కార్డు సూడాలంటంది. పారేయ్ దీని మొహాన."

వీర్రాజు పారేయలేదు. సొరుగు తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు. చివరికి అట్ట నలిగిన కార్డు బయటికొచ్చింది. సీతాలు విప్పి, అత్త చేతిలోనే పెట్టి, వేలుతో గళ్లు చూపించింది. ఏ నెల గడి చూసినా పంచదార మూడు కేజీలు. ఇచ్చినట్టు టిక్కు, పక్కన వీర్రాజు పొట్టి సంతకం.

నారాయణమ్మకి అక్షరాలు రావు కానీ అంకెలొచ్చు. మూడు, మూడు, మూడు. సారె అనుకున్నది కాస్తా సర్కారుదైపోయింది. ఇన్నాళ్లూ వీధిలో తలెత్తుకుని నడిచిన ఆ నడకంతా గుర్తొచ్చింది.

"మరైతే నువ్విచ్చింది నాదేనేట్రా?" అంది తమ్ముడితో. "అదీ పూర్తిగా కాదు. మూడు రాసి రెండిచ్చినావు. మిగతా కేజీ ఏదిరా?"

డీలరు డీలా పడ్డాడు. అక్క వైపు చూడలేదు. అక్క భుజం మీదుగా ఎటో చూసి, తల దించుకున్నాడు. క్యూ మొత్తం గొల్లుమంది.

"సొంత అప్పకే టోపీ పెట్టినోడు మనకేటి పెడతాడో!"

"కంప్లైంటు పుస్తకం ఇవ్వండి మావయ్యా," అంది సీతాలు. చాపిన చెయ్యి వెనక్కి తీయలేదు.

ఎవరైనా అరుస్తారు, బతిమాలతారు, స్టాకు అయిపోయిందంటారు. వీర్రాజు మాత్రం పుస్తకం తీసి, దుమ్ము దులిపి, పెన్సిలుతో సహా ఇచ్చేశాడు. నారాయణమ్మ ఇరుకున పడింది. ఇది రాస్తే తమ్ముడి కొట్టుకి తాళం పడుతుంది. రాయకపోతే కోడలి ముందు తన నోటికి తాళం పడుతుంది.

"రాయ్," అంది కళ్లు తుడుచుకుని. "తప్పు తప్పే. రాయ్."

సీతాలు నాలుగు ముక్కలు రాసింది. తర్వాత కార్డు చూసి, "కార్డు మా మావయ్య పేరన ఉంది. కాబట్టి సంతకం మావయ్యే సెయ్యాల," అంది.

పాతిక మంది తలలు ఒక్కసారి తవిటయ్య వైపు తిరిగాయి.

"నాకు ఇనబడ్డం లేదు," అన్నాడు తవిటయ్య.

"సంతకం!" అన్నారు పాతికమందీ.

"కళ్లు కూడా సరిగ్గా ఆనట్లేదర్రా..."

పెన్సిలు చేతిలో పెట్టింది నారాయణమ్మ. ఆయన దాన్ని పట్టుకున్నాడు. బావమరిదిని చూశాడు. వీర్రాజు తల ఊపుతూ, "పెట్టెయ్ బావా, పర్లేదు," అన్నాడు మెల్లిగా. ఆ "పర్లేదు" దగ్గర తవిటయ్య పెన్సిలు వదిలేశాడు.

"నా మీద నానే కంప్లైంటు ఎలా ఇచ్చుకుంటానే!" అని బావురుమన్నాడు. "ఆ కేజీ నానే తాగేసాను!"

"తాగడమేటి? పంచదారని?" అంది నారాయణమ్మ.

"టీలోనే! డ్యూటీకెళ్తూ ఒక గ్లాసు, వస్తూ రెండు. ఈ కొట్టు ఎనకాల. గ్లాసుకి నాలుగు సెంచాలు. ఇంట్లో నువ్విచ్చే చప్పిడి నీళ్లు తాగలేక, ఈడి కాళ్లట్టుకున్నాను. ఒక కేజీ ఇక్కడే ఉంచరా, మీ అప్పకి సెప్తే నా మీదొట్టని."

ముందు అసిరమ్మ నవ్వింది, వెనక క్యూ అంతా అందుకుంది. ఆ నవ్వుకి బోర్డు మీది బల్లి పారిపోయింది.

"అందులో తప్పేటి?" అన్నాడు తవిటయ్య ఉక్రోషంగా. "కార్డులో నాకూ ఒక యూనిట్టుంది. అర కేజీ నా హక్కు!"

"మరి మిగతా అర కేజీయో?" అంది నారాయణమ్మ.

"అది నీది. మొగుడూ పెళ్లాల మజ్జిన నీదీ నాదీ అని ఏటే?"

ఆవిడ ఆయనతో తర్వాత మాట్లాడదలుచుకుని తమ్ముడి వైపు తిరిగింది. "నోరు తెరవలేదేట్రా? పాతికమందిలో దొంగని చేసాను. కొట్టు పోయేది కదరా!"

"బావ ఒట్టు కదప్పా." వీర్రాజు తక్కెడ గొలుసు సవరిస్తూ అన్నాడు. "మూడింటికీ డబ్బు నాదేలే, సర్కారుకి నానే కట్టాను. కానీ సరుకు నీ కార్డుదే. మొదటి నెల సెప్పేద్దామనే వచ్చాను. పుట్టింటిదా అని నువ్వడిగినావు. నీ మొహం సూసి అవునన్నాను. తర్వాత ఎప్పుడు కాదనాలో తెలీలేదు."

నారాయణమ్మ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సీతాలు పుస్తకంలో రాసింది అడ్డంగా కొట్టేసి, "తెలీక తొందరపడ్డాను మావయ్యా," అంది. వెంటనే, "కానీ కార్డు మాత్రం మా ఇంట్లో మేకుకే ఉంటది. ఆ బోర్డు మీద ధరలు ఇప్పుడే రాయండి," అంటూ సుద్దముక్క అందించింది.

వెనకున్నవాళ్లకి సరిగ్గా వినబడలేదని గోల. సీతాలు బియ్యం బస్తా ఎక్కి, ఎవరి పంచదార ఎవరికి వెళ్లిందో, ఎవరి కడుపులో కరిగిందో మొదట్నుంచీ విప్పి చెప్పింది. తవిటయ్య మధ్యలో రెండు చోట్ల చెంచాల లెక్క సవరించాడు.

అంతా విన్నాక నారాయణమ్మ క్యూ చివరికి వెళ్లి నిలబడింది. వీర్రాజు ఎంత పిలిచినా ముందుకి రాలేదు. తన వంతు వచ్చాక కొంగు ముడి విప్పి డబ్బులు తక్కెడ పక్కన పెట్టింది.

"అప్పా, నీ దగ్గర డబ్బేటి?" అని చేతులు వెనక్కి దాచుకున్నాడు వీర్రాజు.

"తియ్యరా. ఇది నా కార్డు సరుకు. నాను కొనుక్కుంటాను. మూడు కేజీలూ సరిగ్గా తూచు." గొంతు గట్టిదే కానీ కళ్లు మాత్రం తడిగానే ఉన్నాయి. "పుట్టింటిదంటావా, దసరాకి చీర పట్టుకురా. దాన్ని మాత్రం ఏ కార్డు మీదా రాయకు."

వీర్రాజు డబ్బులు తీసుకుని, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఏ రంగప్పా?"

"చిలకపచ్చ!" అంది సరుకు తీసుకుని కూడా కదలని అసిరమ్మ.

"ఒంటి నలుపుకి చిలకపచ్చేటి, మామిడిపండు రంగు తెమ్మను!" అంది ఇంకొకావిడ.

చీర రంగు తేలేసరికి మధ్యాహ్నం అయింది. తర్వాత వచ్చినవాళ్లెవరికీ ఆ పూట చౌక దుకాణంలో సరుకు తూచలేదు.