ఇస్త్రీ చేసిన పైకప్పు

నేను ఇస్త్రీ చేసింది చొక్కా అయితే గొడవే లేదు. అది జపాన్‌లోని ఓ కబుకీ నాటకాల థియేటర్ పైకప్పు.

ఐర్లండ్‌లోని ములింగార్ ఆసుపత్రిలో సర్జన్‌గా చేరి, అక్కడ ఇల్లు దొరికేదాకా మెయ్‌నూత్ ఊళ్ళో అమ్మ స్నేహితురాలు ఉమ ఆంటీ ఇంట్లో దిగాను. ఆంటీ కూతురు మృదులది ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం. ఇక్కడే పుట్టి పెరిగింది. ఏమడిగినా "గ్రాండ్", అంటే బాగానే ఉంది, అనడం తప్ప నాతో రెండో మాట లేదు.

ఆ ఉదయం కిటికీలోంచి వాన జల్లు కొట్టింది. హాల్లో మృదుల చేసిన ఆ థియేటర్ కాగితం మోడల్ తడిసేలా ఉంది.

"రేవంత్, ఆ రూఫ్ ప్రెస్‌లో పెట్టండి, ప్లీజ్!" అంటూ మృదుల మిగతాది ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది.

మా గుంటూరులో ప్రెస్ అంటే ఇస్త్రీయే. నన్నో పని అడిగిందన్న సంబరంలో, ఆమె మూడు వారాలు మడిచిన వంపుల్ని రెండు నిమిషాల్లో చపాతీలా చదును చేసేశాను.

"ఇక్కడ ప్రెస్ మీన్స్ కప్‌బోర్డ్!" మృదుల కూలబడి ఏడ్చేసింది. మధ్యాహ్నం రెండింటికి ఫైనల్ రివ్యూ.

నాకు తల కొట్టేసినట్టయింది. "పాత మడతల గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. కుట్లు వేసే చేతులివి. ఎలా మడవాలో చెప్పండి."

మొదట కోపంగా, తర్వాత మామూలుగా చెప్పింది. "ముందు ఓల్డ్ రూఫ్, వెనక గ్లాస్ టవర్. ఈ థియేటర్ ఫైర్‌లో పోయింది, వార్‌లో బాంబింగ్‌లో పోయింది. ఎవ్రీ టైమ్ మళ్ళీ కట్టారు."

"అయితే ఇది ఇంకోసారి, అంతే."

నవ్వింది. మడతలు పట్టుకోడానికి తెచ్చుకున్న ఫోర్సెప్స్ నా చేతిలోంచి జారిపోయింది. ఆపరేషన్ థియేటర్లో ఎప్పుడూ అలా జరగలేదు.

మృదుల పాసైంది. శనివారానికి నాకు ములింగార్‌లో ఇల్లూ దొరికింది. వెళ్ళాలని లేదు, ఆ మాట చెప్పే ధైర్యమూ లేదు. తీరా బయల్దేరదామంటే సూట్‌కేస్ లేదు.

"ప్రెస్‌లో ఉంది," అంది మృదుల.

అలవాటుకొద్దీ ఇస్త్రీబల్ల వైపు చూశాను. పకపకా నవ్వి, మెట్ల కింది కప్‌బోర్డ్ చూపించింది. తాళం వేసి ఉంది.

"తాళంచెవి?"

"నా దగ్గరుంది. ఇవ్వను." ఆపైన ఒక్కో మాటా కూడబలుక్కుని, మొత్తం తెలుగులోనే చెప్పింది. "వెళ్ళకండి. నాకు మీరంటే ఇష్టం."

"నాక్కూడా. పైకప్పు పాడు చేసిన రోజునుంచీ."

వంటింట్లోంచి ఉమ ఆంటీ తొంగిచూసింది.

"సామాను తర్వాత చూసుకుందువుగాని, రా బాబూ, ఉప్మా చల్లారిపోతోంది. అన్నట్టు ఇకనుంచి ఆంటీ అనకు, అత్తయ్యా అను."